2016లో కొన్న సైకిల్ హెల్మెట్: నిజంగానే ఎక్స్‌పైరీ అయిపోయిందా, షాపువాడు భయపెడుతున్నాడా?

గండిపేట_గురుడు
మొన్న బ్రేక్ ప్యాడ్లు మార్పిద్దామని షాపుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు సైకిల్ సంగతి వదిలేసి నా హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు. లోపలి స్టిక్కర్ చదివి, "సార్, ఇది పోయినట్టే. మూడేళ్ళకే మార్చాలి, మీకు తొమ్మిదో ఏడు నడుస్తోంది" అన్నాడు. అంటూనే ఆరువేల రూపాయల హెల్మెట్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

నాది 2016 డిసెంబరులో కొన్నది. ఒక్కసారి కూడా కింద పడలేదు, దిష్టి తగలకూడదు. వారానికి మూడు రోజులు పొద్దున్నే గండిపేట దాకా వెళ్ళొస్తాను, అంతే. పైన రంగు కాస్త వెలిసింది. వెనక బిగించే చక్రం బాగానే తిరుగుతోంది. పాల ప్యాకెట్‌కి ఉన్నట్టు దీనికీ డేట్ ఉంటుందా? థర్మోకోల్ భూమిలో పాతేసినా వందల ఏళ్ళు చెక్కుచెదరదని మా పిల్లలకి స్కూల్లో చెప్తున్నారు. అదే థర్మోకోల్ నా తల మీద మూడేళ్ళకే పాడైపోతుందా?

పంక్చర్_పండు
ఆఖరి లైన్ చదివి టీ ముక్కులోకి పోయింది. అనుమానం మాత్రం న్యాయమైనదే, నాకూ ఉంది.

రూల్‌బుక్_రావు
కుర్రాడు అమ్ముకోవడానికే చెప్పి ఉండొచ్చు కానీ అది పూర్తిగా అబద్ధం కాదు. కొన్ని కంపెనీలు మూడు నుంచి ఐదేళ్ళు అని హెల్మెట్‌తో పాటు ఇచ్చే కాగితంలోనే రాస్తాయి. అమెరికాలో స్నెల్ ఫౌండేషన్ అని ఉంది, 1957 నుంచి హెల్మెట్లు పరీక్షించడమే వాళ్ళ పని. వాళ్ళ మాట ఐదేళ్ళు. అక్కడి ప్రభుత్వ సంస్థ సీపీఎస్‌సీ ఐదు నుంచి పదేళ్ళు అంటుంది. ఎలా చూసినా తొమ్మిదో ఏడంటే మీరు గట్టు అంచున ఉన్నట్టే. ఆరువేలు పెట్టక్కర్లేదు, రెండువేలలో మంచిది వస్తుంది. తల కన్నా ఎక్కువా?

గేర్‌లెస్_గోపి
"తల కన్నా ఎక్కువా" అనే డైలాగ్ వినీ వినీ విసుగొచ్చింది రావుగారూ. ఇన్సూరెన్స్ వాడు అదే అంటాడు, నీళ్ళ ఫిల్టర్ వాడు అదే అంటాడు. ఒకరు మూడు, ఒకరు ఐదు, ఒకరు పది అంటున్నారంటే ఎవరి దగ్గరా గట్టి లెక్క లేదనేగా? పైగా అమ్మేవాడే ఎప్పుడు పారేయాలో కూడా చెప్తుంటే నమ్మేదెలా.

థర్మోకోల్_తాత
జీడిమెట్లలో ప్యాకింగ్ థర్మోకోల్ తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఈ పేరు మా మనవడు పెట్టిందే. ఆ మాత్రం అనుభవంతో రెండు ముక్కలు.

హెల్మెట్ లోపల ఉండేది టీవీ డబ్బాలో వచ్చే సరుకే, ఈపీఎస్ అంటాం. కాకపోతే దానికన్నా చిక్కగా, గట్టిగా పోస్తారు. పాలీస్టైరీన్ గింజల్ని ఆవిరితో ఉబ్బించి, అచ్చులో నింపి మళ్ళీ ఆవిరి పెడితే గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. మరమరాల ఉండ అనుకోండి, బెల్లం పాకం బదులు ఆవిరి. మీరు పడ్డప్పుడు ఆ గింజలు నలుగుతాయి. తల ఒక్కసారిగా ఆగిపోకుండా ఆ రెండు మూడు సెంటీమీటర్ల మందం నలిగేంత సేపు మెల్లగా ఆగుతుంది. నలగడమే దాని ఉద్యోగం. అయితే నలిగిన గింజ మళ్ళీ ఉబ్బదు, అక్కడ రెండో దెబ్బ తగిలితే కాపాడ్డానికి ఏమీ మిగలదు.

ఇక వయసంటారా, నీడలో ఉన్న ఈపీఎస్‌కి పదేళ్ళు ఒక లెక్క కాదు. దాన్ని చంపేవి దెబ్బ, వేడి, ఇంకా పెట్రోలు, థిన్నరు లాంటివి. క్యాలెండర్ కాదు.

గేర్‌లెస్_గోపి
తాతగారికి నా ఓటు.

రెండొందల_కిమీ
తాతగారు చెప్పినదానికి పరిశోధన కూడా ఉంది. కెనడాలో ఎంఈఏ ఫోరెన్సిక్ అనే సంస్థవాళ్ళు జనం వాడిన పాత సైకిల్ హెల్మెట్లు 675 పోగేసి పరీక్షించారు. వాటిలో కొన్ని 26 ఏళ్ళ నాటివి. వయసు వల్ల లోపలి ఫోమ్ దెబ్బని ఆపే శక్తి చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని తేల్చారు. నేనిది మా బీఆర్ఎం (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) గ్రూప్‌లో పెడితే కొత్త హెల్మెట్ కొన్నవాళ్ళందరూ నా మీద అలిగారు.

రూల్‌బుక్_రావు
ఆ పరిశోధన నేనూ చదివాను. అది ఫోమ్ గురించి. హెల్మెట్ అంటే ఫోమ్ ఒక్కటే కాదుగా? పట్టీలు, బకిల్, వెనక చక్రం, జిగురు, పైన పెంకు ఇవన్నీ ఉన్నాయి. బకిల్ ఊడిపోతే ఎంత గొప్ప ఫోమ్ ఉన్నా హెల్మెట్ ఒక వైపు, మీరు ఒక వైపు. స్నెల్ వాళ్ళు ఐదేళ్ళు అనడానికి కారణాలు కూడా రాశారు: తయారీలో వాడే జిగుర్లు, తలకి రాసే నూనెలు, చెమట, రోజువారీ అరుగుదల. ఈలోపు కొత్తగా వచ్చేవి పాతవాటికన్నా మెరుగ్గా ఉంటాయన్నది ఇంకో కారణం.

ఓరుగల్లు_గేరు
నూనె అంటే గుర్తొచ్చింది. మా అమ్మ నెత్తికి కొబ్బరినూనె పెట్టందే నన్ను గడప దాటనియ్యదు. నా హెల్మెట్ ప్యాడ్లు చూస్తే మిర్చిబజ్జి కట్టిచ్చిన పేపర్ లెక్క ఉంటయి. ఇగ నాది ఖతమేనా అన్నా?

థర్మోకోల్_తాత
ఖతం కాదు నాయనా. నూనె తాగేది ముందు ప్యాడ్. అందుకే ప్యాడ్లని ఊడదీసి నెలకోసారి ఉతుకు. నూనె పట్టిన ప్యాడ్ వెల్క్రో పట్టు వదిలేస్తుంది, హెల్మెట్ అటూ ఇటూ జారుతుంది. అసలు నష్టం అది. నెత్తిన ఒక పాత బనీను గుడ్డ కట్టుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకున్నా సరిపోతుంది.

పంక్చర్_పండు
ఓరుగల్లు అన్నా, అమ్మకి చెప్పు, నూనె రైడ్ అయ్యాక పెట్టమని. పొద్దున్నే బజ్జీలు గుర్తుచేశావు, ఇప్పుడేం తినాలి నేను.

వైజాగ్_ఉప్పుగాలి
రావుగారు చెప్పిన పట్టీల సంగతికి నాదొక కేసు. బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా మా రోజువారీ దారి. సముద్రపు గాలి ఒక పక్క, చెమట ఒక పక్క. నాలుగేళ్ళకే గడ్డం కింద పట్టీ మీద తెల్లగా ఉప్పు పేరుకుని అట్టలా బిగుసుకుపోయింది. పట్టీని పెంకుకి పట్టి ఉంచే చిన్న ఇనుప రివెట్ తుప్పుపట్టింది. వెనక చక్రం పళ్ళు అరిగి, బిగిస్తే టిక్ టిక్ మంటుంది కానీ గతుకు రాగానే వదులైపోతుంది. లోపల ఫోమ్ చూస్తే పెళ్ళికొడుకులా ఉంది! చివరికి పారేశాను. అంటే చచ్చింది ఫోమ్ కాదు, దాన్ని తలకి కట్టే సామాను. మీరిద్దరూ చెప్పేది కరెక్టే, కొట్టుకోకండి.

గండిపేట_గురుడు
రాత్రి పోస్ట్ పెట్టి పడుకుని లేచేసరికి ఇంత చర్చా! తాతగారూ, నాది పైన రంగు వెలిసింది అన్నాను కదా, అది ఎండ వల్లేనా, ప్రమాదమా?

థర్మోకోల్_తాత
రంగు వెలవడం వరకు భయం లేదు. కానీ పైనున్నది పలచటి పాలీకార్బొనేట్ పెంకు. ఎండలో ఏళ్ళ తరబడి ఉంటే పెళుసుబారుతుంది. గోటితో అంచుల దగ్గర నొక్కి చూడండి. పొడిలా రాలినా, సన్నటి గీతల్లా పగుళ్ళు కనిపించినా ఇక దాన్ని నమ్మకండి. పడ్డప్పుడు రోడ్డు మీద జారడానికి, ఫోమ్ ముక్కలై విడిపోకుండా పట్టి ఉంచడానికి ఆ పెంకే ఆధారం.

బెజవాడ_ఎండ
ఎండ గురించి బెజవాడ వాళ్ళని అడగాలి. పోయిన మే నెలలో కారు వెనక అద్దం కింద హెల్మెట్ పెట్టి ఆఫీసుకి వెళ్ళాను. సాయంత్రం వచ్చి చూస్తే పైన పెంకు అప్పడంలా రెండు చోట్ల ఉబ్బింది. నొక్కితే లోపలికి పోయి మళ్ళీ లేస్తోంది. ఏడాది కూడా కాలేదు కొని. కంపెనీకి ఫోటో పంపితే వేడికి పెట్టడం మీ తప్పు, వారంటీ రాదన్నారు. కాగితంలో రాసి ఉందట. ఆ కాగితం ఎవడు చదివాడు?

రూల్‌బుక్_రావు
నేను.

బెజవాడ_ఎండ
మీరు చదువుతారని తెలుసు సార్.

థర్మోకోల్_తాత
బుడగ వచ్చిందంటే పెంకు ఫోమ్‌ని వదిలేసిందని అర్థం. అది వాడకండి. పాలీస్టైరీన్ మెత్తబడేది నూరు డిగ్రీల దగ్గరలో, కానీ అంతదాకా పోనక్కర్లేదు, జిగురూ పలచటి పెంకూ ముందే లొంగిపోతాయి. తలుపులన్నీ మూసిన కారులో ఎండ నేరుగా తగిలే చోట డెబ్బై డిగ్రీలు దాటడం మన దగ్గర వింత కాదు. డిక్కీ, స్కూటర్ సైలెన్సర్ పక్కన, గీజర్ పైన, డాబా మీద ట్యాంక్ దగ్గర పెట్టొద్దు. గదిలో గోడకి మేకు కొట్టి తగిలించండి, అంతే.

పంక్చర్_పండు
అందుకే కాబోలు మన ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కి సోలార్ కప్పు వేశారు. హెల్మెట్లు వేడెక్కకుండా.

రెండొందల_కిమీ
ఆ కప్పు కింద మేం తొక్కితే వేడెక్కేది హెల్మెట్ కాదు, వాకింగ్‌కి వచ్చే అంకుల్స్.

చిట్టిపెడల్
తాతగారూ, పెట్రోలు, థిన్నరు లాంటివి పడకూడదు అన్నారు కదా. మా ఇంట్లో జరిగింది చెప్తే నవ్వుతారు. మా బాబు హెల్మెట్ చెమట వాసన వస్తోందని మా అత్తగారు దాన్ని శుభ్రం చేద్దామని కూర్చున్నారు. గిన్నెలు తోమినట్టు నిమ్మ తొక్కలతో లోపలంతా గట్టిగా రుద్దేశారు. వాసన నిజంగానే పోయింది! రెండు రోజుల తర్వాత చూస్తే థర్మోకోల్ మీద చీమలు తొలిచినట్టు చిన్న చిన్న గుంటలు. ఆవిడ "నేను పీచు కూడా వాడలేదే" అంటారు. ఆవిడ తప్పు లేదని ఆవిడకి చెప్పాలి, ఎలాగో చెప్పండి.

థర్మోకోల్_తాత
అమ్మా, ఆవిడ తప్పేం లేదు, కెమిస్ట్రీ తప్పు. నిమ్మ, నారింజ తొక్కల్లో లిమొనీన్ అనే నూనె ఉంటుంది, అది పాలీస్టైరీన్‌ని కరిగిస్తుంది. నమ్మకపోతే ఒక థర్మోకోల్ ముక్క మీద నారింజ తొక్క పిండి చూడండి, మా ఫ్యాక్టరీకి వచ్చిన స్కూలు పిల్లలకి ఇదే చూపించేవాళ్ళం. పెట్రోలు, గోళ్ళ రంగు తుడిచే అసిటోన్ అయితే ఇంకా ఘోరం, చూస్తుండగానే కరిగిపోతుంది. డీట్ అనే రసాయనం ఉండే దోమల స్ప్రేలు కూడా హెల్మెట్ మీద పడనీయొద్దు, పెంకు ప్లాస్టిక్‌ని అవి తినేస్తాయి. ఆ బాబు హెల్మెట్ మాత్రం మార్చేయండి.

చిట్టిపెడల్
మార్చాను. అత్తగారికి ఈ పోస్ట్ చదివి వినిపించాను. "ఆయనెవరో పెద్దాయన, మర్యాదగా చెప్పాడు" అన్నారు. మీకు ఇంటికి భోజనానికి పిలుపు వచ్చేసినట్టే.

ఓరుగల్లు_గేరు
మరి కడుగుడు ఎట్ల? నేను డైరెక్ట్ నల్లా కింద పెట్టి సర్ఫ్ కొడుతున్న.

వైజాగ్_ఉప్పుగాలి
నేను చేసేది చెప్తాను. ప్యాడ్లు ఊడదీసి, బకెట్ నీళ్ళలో పిల్లల షాంపూ నాలుగు చుక్కలు వేసి నానబెడతాను. వేడినీళ్ళు కాదు, మామూలు నీళ్ళే. పట్టీలని పాత మెత్తటి టూత్ బ్రష్‌తో రుద్దుతాను, ఉప్పు పోయేదాకా. వెనక చక్రం పళ్ళల్లో ఇసుక ఉంటే అదే బ్రష్. పెంకుని తడిగుడ్డతో తుడిచేస్తే చాలు. తర్వాత ఫ్యాన్ కింద ఆరబెడతాను. ఎండలో కాదు, హెయిర్ డ్రయ్యర్ అసలే కాదు. సర్ఫ్ మానెయ్ అన్నా, అంత ఘాటు అక్కర్లేదు. ఇప్పుడు కొన్నది ఇలా చూసుకుంటున్నాను కాబట్టి మూడేళ్ళైనా రివెట్ మెరుస్తోంది.

తొక్కుడుబిళ్ళ
ప్యాడ్లు ఊడదీసేటప్పుడు ఫోటో తీసుకోండి. నేను తీయలేదు, ఏడు ప్యాడ్లు, ఏది ఎక్కడో తెలియక గంటన్నర. ఇప్పటికీ నుదుటి దగ్గర ఏదో తేడాగా ఉంది.

వానాకాలంలో తడి హెల్మెట్‌ని బ్యాగ్‌లో కుక్కి వదిలేస్తే ప్యాడ్ల మీద బూజు వస్తుంది, అది కూడా నా అనుభవమే. కొత్త ప్యాడ్ల సెట్ విడిగా దొరుకుతుంది, దాని కోసం హెల్మెట్ మార్చకండి.

ఇంకో డౌట్. మా పిల్లి ఫ్రిజ్ మీద నుంచి నా హెల్మెట్‌ని కింద పడేసింది. ఒక్క దెబ్బ తగిలినా పారేయాలంటారు కదా. పిల్లిని పారేయాలా హెల్మెట్‌నా?

రెండొందల_కిమీ
రెండూ ఉంచుకోవచ్చు. లెక్క వేద్దాం. అమెరికా ప్రమాణంలో 5 కిలోల నకిలీ తలకి హెల్మెట్ తొడిగి 2 మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మ మీద వేస్తారు. నేలని తాకేటప్పటి వేగం గంటకి 22 కిలోమీటర్లు, శక్తి దాదాపు 98 జౌళ్ళు. మీ ఖాళీ హెల్మెట్ 300 గ్రాములు అనుకుందాం, ఫ్రిజ్ మీద నుంచి ఒకటిన్నర మీటరు. నాలుగున్నర జౌళ్ళు కూడా లేదు. ఇరవయ్యో వంతు లోపే. లోపల తల లేని హెల్మెట్‌కి ఆ పాటి దెబ్బ ఏమీ చేయదు సాధారణంగా. ఏదైనా మూల తగిలి పెచ్చు లేచిందేమో మాత్రం చూసుకోండి.

తలతో సహా పడితే మాత్రం ఇంకో మాట లేదు, మార్చేయడమే.

గేర్‌లెస్_గోపి
గంటకి 22 అంటే మనం దిగుడులో పోయే వేగంలో సగమేగా?

రెండొందల_కిమీ
అది తల నేల మీద పడే వేగం, సైకిల్ ముందుకు పోయే వేగం కాదు. సైకిల్ మీద కూర్చున్నప్పుడు తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తు నుంచి పడడం అన్నమాట. యూరప్ ప్రమాణంలో ఎత్తు ఒకటిన్నర మీటరే. లారీ గుద్దితే హెల్మెట్ కాపాడుతుందని ఎవరూ అనరు.

నా సంగతి: రెండేళ్ళ కింద వికారాబాద్ వైపు 200 కిలోమీటర్ల బీఆర్ఎం, పదమూడున్నర గంటల్లో ముగించాలి. అనంతగిరి దిగుడులో మలుపు దగ్గర ఇసుక. ముందు చక్రం జారింది, కుడి పక్కకి పడ్డాను, తల కూడా తగిలింది. లేచి చూసుకుంటే మోచేయి తప్ప ఏమీ లేదు. హెల్మెట్ మీద ఒక గీత, అంతే. అలాగే మిగతా వంద కిలోమీటర్లూ తొక్కాను, అది మూర్ఖత్వం. తల తిరుగుతున్నా, వాంతి వచ్చేలా ఉన్నా ఆగి డాక్టర్‌ని చూడాలి. అదృష్టం బాగుండి నాకేమీ కాలేదు. ఇంటికొచ్చి ప్యాడ్లు తీస్తే ఒక గాలి రంధ్రం నుంచి ఇంకో రంధ్రం దాకా వెంట్రుకంత పగులు. కుడి వైపు మందం ఎడమ వైపు కన్నా తగ్గిపోయి ఉంది. బయటి నుంచి చూస్తే కొత్తదిలా ఉంది. బయటి నుంచి చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు అనడానికే ఇది రాస్తున్నా.

తొక్కుడుబిళ్ళ
పిల్లి బతికిపోయింది, థాంక్స్.

ఓరుగల్లు_గేరు
కుండ కొనేటప్పుడు వేలుతోని కొట్టి సూస్తం గదా, గట్ల హెల్మెట్‌ని కొట్టి సూస్తే తెల్వదా?

థర్మోకోల్_తాత
మంచి ఆలోచనే కానీ ఇది కుండ కాదు, మోగదు. ఇలా చేయి: ప్యాడ్లన్నీ తీసి పగటి వెలుతురులో లోపలంతా చూడు. తర్వాత చెవుల దగ్గర రెండు అరచేతులతో పట్టుకుని మెల్లగా లోపలికి నొక్కు. పటపటమని కొరికిన శబ్దం వస్తే ఎక్కడో పగిలింది. మెల్లగా అన్నాను, నీ బలం చూపించకు. ఏమీ కనపడకపోయినా, పడ్డ హెల్మెట్ అయితే మార్చడమే మంచిది.

మెల్బోర్న్_మావయ్య
ఇక్కడ విక్టోరియాలో 1990 జులై నుంచే సైకిల్‌కి హెల్మెట్ తప్పనిసరి. కొత్తగా చదువుకి వచ్చిన మన పిల్లలు తెలియక ఫైన్ కట్టి నాకు ఫోన్ చేస్తారు. డబ్బులు మిగులుతాయని ఇంటి ముందు పెట్టి అమ్మే పాత సామాన్లలో హెల్మెట్ కొనేస్తారు, నాకు భయం అదే. సెకండ్‌హ్యాండ్‌లో సైకిల్ కొనండి, టేబుల్ కొనండి, హెల్మెట్ వద్దు. అది ఎన్నిసార్లు పడిందో అమ్మేవాడు చెప్పడు, హెల్మెట్ అంతకన్నా చెప్పదు.

గేర్‌లెస్_గోపి
మనకి సైకిల్‌కి హెల్మెట్ చట్టం లేదుగా? మా నాన్న నలభై ఏళ్ళు అట్లాస్ సైకిల్ మీద తువ్వాలు చుట్టుకుని స్కూల్‌కి వెళ్ళి పాఠాలు చెప్పారు.

రూల్‌బుక్_రావు
లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 మోటారు బండ్లకే. కానీ మీ నాన్నగారి రోజుల్లో రోడ్డు మీద ఏముండేవి గోపీ? పెద్ద రేసుల్లోనూ 2003 దాకా హెల్మెట్ ఇష్టమైతే పెట్టుకునేవాళ్ళు. ఆ ఏడాది మార్చిలో పారిస్-నీస్ రేసులో కజకిస్తాన్ రైడర్ ఆండ్రే కివిలెవ్ హెల్మెట్ లేకుండా పడి చనిపోయాక ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ తప్పనిసరి చేసింది.

ఓరుగల్లు_గేరు
బండి హెల్మెట్ ఇంట్ల రెండున్నయి, అవే పెట్టుకుంటే?

రెండొందల_కిమీ
కిలో పైన బరువు, గాలి ఆడదు, చెవులు మూసుకుపోయి వెనక బండి వినపడదు. పది నిమిషాలకే తీసి హ్యాండిల్‌కి తగిలిస్తారు. హ్యాండిల్‌కి హెల్మెట్ అవసరం లేదు.

చిట్టిపెడల్
పిల్లల హెల్మెట్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మనవాళ్ళకి స్కూల్ యూనిఫామ్ లాగా "పెరుగుతాడు కదా, ఒక సైజు పెద్దది తీసుకో" అనే అలవాటు. హెల్మెట్ విషయంలో అది వద్దండీ. నేనూ మొదట అలాగే కొన్నాను, బాబు తల ఊపితే హెల్మెట్ కళ్ళ మీదకి వచ్చేది. కనుబొమ్మల పైన రెండు వేళ్ళు పట్టేంత జాగా ఉండాలి, పట్టీలు చెవి కింద V ఆకారంలో కలవాలి, గడ్డం కింద ఒక వేలు దూరాలి. ఆ లెక్క చూసి కొంటే వెనక చక్రం తిప్పుకుంటూ రెండు మూడేళ్ళు వస్తుంది. పిల్లల హెల్మెట్ ముసలిదై పోదు, చిన్నదై పోతుంది.

ఇంకోటి, పార్కులో సైకిల్ దిగి జారుడుబల్ల ఎక్కేటప్పుడు హెల్మెట్ తీయించండి. కడ్డీల మధ్య హెల్మెట్ ఇరుక్కుంటే పట్టీ మెడకి బిగుసుకుంటుంది.

వైజాగ్_ఉప్పుగాలి
ఈ జారుడుబల్ల సంగతి నిజంగా తెలియదు. మా పాపకి ఇవాళే చెప్తాను.

బెజవాడ_ఎండ
ఇంతకీ గురుడుగారు ఎక్కడ? ప్రశ్న వేసి గండిపేటలో దూకేశారా?

గండిపేట_గురుడు
ఉన్నానండీ, ఉన్నాను. ఇంట్లో చిన్న పంచాయతీ జరిగింది, ఇప్పుడే తేలింది.

రెండొందల_కిమీ గారి పోస్ట్ చదివి, తాతగారు చెప్పినట్టు ప్యాడ్లన్నీ తీసి బాల్కనీలోకి తెచ్చి చూశాను. ఎడమ చెవి పైన, ప్యాడ్ కింద దాక్కుని, చిటికెన వేలంత పొడవున పగులు! నొక్కితే పటపట. నేను పడలేదు, ఒట్టు. ఇంట్లో అందరినీ అడిగాను. పిల్లలు మేం ముట్టలేదన్నారు. చివరికి మా ఆవిడ మెల్లగా, "సంక్రాంతికి ఊళ్ళో తమ్ముడు తొక్కాడు కదా" అంది.

కారు వెనక సైకిల్ కట్టుకుని ఊరికి తీసుకెళ్ళిన మాట నిజమే. మా బామ్మర్దికి ఫోన్ చేశాను. వాడు రెండు నిమిషాలు వాతావరణం గురించి మాట్లాడి, అప్పుడు చెప్పాడు. కాలవగట్టు మీద పోతుంటే గేదె అడ్డం వచ్చిందట, బ్రేకు గట్టిగా పట్టేశాడట, ఎగిరి తూము గట్టు మీద పడ్డాడట. "తల బాగానే ఉంది బావా, హెల్మెట్ కూడా బాగానే ఉంది, అందుకే చెప్పలేదు" అన్నాడు. హెల్మెట్ బాగుండకపోబట్టే వాడి తల బాగుంది! మూడు నెలల నుంచి ఆ పగిలినదే పెట్టుకుని తిరుగుతున్నాను నేను.

రూల్‌బుక్_రావు
అంటే షాపు కుర్రాడు చెప్పిన కారణం తప్పు, చెప్పిన పని మాత్రం కరెక్టు.

గేర్‌లెస్_గోపి
అది ఐదేళ్ళ రూలు గెలిచినట్టు కాదు రావుగారూ. నిన్న కొన్న హెల్మెట్ అయినా ఆ తూము మీద పగిలేది.

రూల్‌బుక్_రావు
మీరు ఎన్నేళ్ళకి మారుస్తారో చెప్పండి, రాసిపెట్టుకుంటాను.

గేర్‌లెస్_గోపి
పట్టీ తెగినప్పుడో, నేను పడ్డప్పుడో, మా బామ్మర్ది వచ్చి వెళ్ళినప్పుడో.

పంక్చర్_పండు
😂😂 బామ్మర్ది రూల్ అని పేరు పెట్టేద్దాం.

థర్మోకోల్_తాత
గురుడుగారూ, పాతది అలాగే చెత్తబండికి వేయకండి. ముందు కత్తెరతో పట్టీలు కత్తిరించండి, పెంకు మీద మార్కర్‌తో "పగిలింది" అని రాయండి. లేకపోతే ఎవరో పాపం పనికొస్తుందని తీసుకెళ్ళి పిల్లాడికి పెడతారు.

గండిపేట_గురుడు
కత్తిరించేశాను తాతగారూ. కొత్తది 2,200కి తీసుకున్నాను, వేరే షాపులో. లోపల స్టిక్కర్ మీద తయారీ నెల చూసే కొన్నాను, వాళ్ళు ఇచ్చిన కాగితం కూడా మొత్తం చదివాను (రావుగారి కోసం). గోడకి మేకు కొట్టి తగిలించాను. బామ్మర్దికి విడిగా ఒకటి కొనిపెట్టాను, మా ఆవిడ బడ్జెట్‌లోంచి.

చిట్టిపెడల్
ఇంతమంది ఇన్ని అడిగారు, ఆ గేదెకి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

గండిపేట_గురుడు
అడిగాను. దానికి తెలియను కూడా తెలియదట, గట్టు దిగి వెళ్ళిపోయిందట.